అట్లపెనం వ్యాజ్యం

4 జనవరి 1965, సోమవారం. నందిగామ.

ఏ కేసుకైనా ముందు తేదీ ఉండాలి, తర్వాత వాస్తవాలు ఉండాలి. తేదీ వేశాను. వాస్తవాలు ఇవి. మా బేబి ఎస్సెల్సీ అయ్యాక విజయవాడ వెళ్ళి పీయూసీలో లెక్కలూ ఫిజిక్సూ చదువుతానంటోంది. నేను టీచర్ ట్రైనింగ్ అంటున్నాను. ఈ పూట అన్నాల దగ్గర రాజీ కుదిరింది. వచ్చే నెల ఆరో తారీఖున జగ్గయ్యపేట హైస్కూల్లో సైన్సు పోటీ ఉంది. చుట్టుపక్కల స్కూళ్ళన్నీ వస్తాయి. నెగ్గినవాళ్ళు విజయవాడ పోటీకి వెళతారు. బేబి నెగ్గితే పీయూసీ. నెగ్గకపోతే ట్రైనింగ్, మళ్ళీ ఏడుపులు ఉండకూడదు. నా భార్య కృపావతి సాక్షి.

"ఒక్క షరతు నాన్నా" అంది బేబి. "ఈ ప్రయోగం నాది. నువ్వు వేలు పెట్టకూడదు."

మునసబు కోర్టులో బెంచి గుమాస్తాని. రోజూ పదిమంది వాదించుకుంటుంటే మధ్యలో నోరు మెదపకుండా కూర్చునే మనిషిని. నాకా చెప్పడం? ఒప్పుకున్నాను.

ప్రయోగం ఏమిటంటే అట్లపెనం మీద నీళ్ళు చిలకరించడం. పెనం కాలిందో లేదో చూడటానికి మా అత్తగారు పుల్లమ్మగారు రోజూ చేసే పనే. ఒక్కోసారి నీళ్ళు చుయ్‌మని పోతాయట. ఒక్కోసారి పోకుండా గోళీల్లా దొర్లుతాయట. ఎప్పుడు పోతాయో, ఎప్పుడు దొర్లుతాయో కనిపెడుతుందట. దీనికి ఎవరు ప్రైజిస్తారో నాకు తెలియదు. నేనేమీ అనలేదు. కొంచెం అన్నాను.

6 జనవరి

తోడల్లుడు బాలస్వామిగారు వచ్చారు. కృపావతి అక్క భర్త. జగ్గయ్యపేటలో సాగర్ కాలువ పనుల మీద ఓవర్సీరు. వాళ్ళబ్బాయి చిన్నబాబు కూడా ఆ పోటీలోనే ఉన్నాడు. నాగార్జునసాగర్ డ్యాము నమూనా చేస్తున్నారట. నిజం సిమెంటు, నిజం నీళ్ళు, ఎత్తితే లేచే గేట్లు.

"మీ బేబి ఏం చేస్తందయ్యా ప్రసాదరావ్?"

"పదార్థాల వేడి మీద లోతైన పరిశోధన చేస్తందండి అన్నయ్యగారూ."

"అట్లు పోస్తందయ్యా" అంది మా అత్తగారు వంటింట్లోంచి.

బాలస్వామిగారు నవ్వారు. కాఫీ తాగుతూ నవ్వారు, తాగాక నవ్వారు, బస్సెక్కాక కిటికీలోంచి కూడా నవ్వారు. ఆయన మీద నాకేమీ లేదు.

7 జనవరి

ఆయన మీద నాకేమీ లేదు.

10 జనవరి, ఆదివారం

చర్చి నుంచి రాగానే బేబి పని మొదలుపెట్టింది. పిల్లకి బుర్ర ఉంది, నా పోలిక. పెనం ఎంత వేడెక్కిందో చెప్పే థర్మామీటరు స్కూల్లో లేదు కనుక మూడు గుర్తులు పెట్టుకుంది. పెనం అంచున మైనం ముక్క కరిగితే ఒక వేడి. పంచదార పలుకు కరిగితే అంతకన్నా ఎక్కువ. కళాయి వేసేవాడి దగ్గర తెచ్చిన తగరం ముక్క కరిగితే ఇంకా ఎక్కువ. సిరా పోసే ఫిల్లరుతో ఒక్కో వేడి దగ్గర ఒక్కో నీటిబొట్టు వేస్తుంది. బొట్టు ఎంతసేపుంటే అంత రాసుకుంటుంది. సెకన్ల ముల్లున్న వాచీ ఇంట్లో నాదొక్కటే. కాబట్టి పక్కన నేనున్నాను. వాచీ పట్టుకోవడం వేలు పెట్టడం కిందికి రాదు.

ఒక్కటే చిక్కు. కాలిన పెనాన్ని ఖాళీగా ఉంచడం ఇంటికి అరిష్టమని మా అత్తగారి పట్టుదల. బాప్తిస్మం తీసుకుని నలభై ఏళ్ళయినా ఆ నమ్మకం మాత్రం పోలేదు. అందుకని ప్రతి బొట్టు తర్వాత ఒక అట్టు పోసింది. పొద్దున అట్లు, మధ్యాహ్నం అట్లు, రాత్రి అట్లు.

12 జనవరి

కోర్టుకి అట్లు తీసుకెళ్ళాను. జప్తులు చేసే అమీను నాలుగు తిన్నాడు. ఒక ప్రతివాది రెండు తిన్నాడు.

13 జనవరి

చాలా పెద్ద పొరపాటు జరిగింది. పంచదార కరిగే వేడి దగ్గర బొట్టు చుయ్‌మని రెప్పపాటులో పోయింది. బాగానే ఉంది. తగరం కరిగే వేడి దగ్గర, అంటే పెనం ఇంకా కాలాక, బొట్టు నిమిషం దాటి ఉందంటోంది బేబి. వాచీలో కూడా నిమిషం దాటింది. వాచీ ఆగి మళ్ళీ నడిచినట్టుంది. రేపు గడియారాల సుబ్బరాయుడికి చూపించాలి.

14 జనవరి

వాచీకేమీ లేదన్నాడు సుబ్బరాయుడు. నా చూపుకి ఏదన్నా ఉందేమో చూపించుకోమన్నాడు.

16 జనవరి

బేబితో మాట్లాడాను. తక్కువ వేడిలో చిటికెలో పోయిన నీళ్ళు ఎక్కువ వేడిలో నిమిషం ఉంటాయా? నిప్పుకి దగ్గరగా జరిగితే చలేసిందన్నట్టుంది వరస.

"నువ్వు చూళ్ళేదు నాన్నా. బొట్టు పడగానే వాచీ వంక చూస్తావ్."

"వాచీ చూడమంది నువ్వే కదే."

"ఒక్కసారి వాచీ నాకిచ్చి పెనం చూడు."

పెనం చూసేదేముంది, నలభై ఆరేళ్ళుగా చూస్తున్నాను. పెనం సంగతి కాదు నేను ఆలోచిస్తున్నది. జడ్జీల సంగతి. నిజం చెప్పి ఓడిపోయిన సాక్షుల్ని ఎంతమందిని చూశాను. నమ్మలేని నిజం బోనులో నిలబడదు. ఎదుటివాడు నమ్మేది చెప్పిన సాక్షే గెలుస్తాడు. బేబి ఓడిపోతే దాని పీయూసీ పోతుంది. నాకు కావలసింది ట్రైనింగే అయినా, పిల్ల ఓడిపోవడం చూడలేను. బాలస్వామిగారి ఎదుట అసలు చూడలేను. ఆయన మీద నాకేమీ లేదు.

19 జనవరి

బేబికి సాక్ష్యం తయారుచేయడం మొదలుపెట్టాను. ఇది వేలు పెట్టడం కాదు. ప్రయోగం దానిదే, మాటలు మాత్రమే నావి.

మంచం మీద నేను జడ్జీలా కూర్చుంటాను. అది ఎదురుగా నిలబడి చెప్పాలి. "వేడి పెరిగినకొద్దీ నీటిబొట్టు త్వరగా ఆవిరైపోవునని నా పరిశీలనలో తేలినది." నిటారుగా నిలబడాలి. అడిగినదానికే జవాబు చెప్పాలి. తెలియదు అన్న మాట చచ్చినా నోట రాకూడదు, వచ్చిందంటే కేసు పోయినట్టే.

"మరి నేను చూసింది నాన్నా?"

"నువ్వు చూసింది నీ దగ్గరే ఉంటుంది, ఎక్కడికీ పోదు."

కృపావతి బియ్యం ఏరుతూ, "ఏమండీ, అది అబద్ధం కదా" అంది. అబద్ధం కాదు, సర్దుబాటు అన్నాను. ఆవిడకి కోర్టు వ్యవహారాలు తెలియవు.

23 జనవరి

బేబి చక్కగా అప్పజెప్పింది. గోడవైపు చూస్తూ, ఎక్కడా ఆగకుండా చెప్పింది. అది ఏకాగ్రత.

26 జనవరి

రిపబ్లిక్ డే. కోర్టుకి సెలవు. ఊరికే కూర్చోవడం ఎందుకని ఇంటికి ఒక ఉపకారం చేద్దామనుకున్నాను. పోటీలో పెట్టబోయే పెనం మసిబారి, కాటుక పిడతలా ఉంది. పెద్దమనుషుల ముందుకి వెళ్ళేది ఏదైనా శుభ్రంగా ఉండాలి. పెరట్లో కూర్చుని ఇటిక పొడి, కొబ్బరి పీచు పెట్టి పొద్దున్నుంచి మధ్యాహ్నం దాకా తోమాను. వెండిపళ్ళెంలా చేశాను. నా మొహం కనిపించింది.

తర్వాత జరిగింది రాయడానికి మనసు రావడం లేదు. మా అత్తగారు దాన్ని చూసి నేల మీద కూలబడింది. ఆ పెనం ఆవిడకి వాళ్ళ అత్తగారిచ్చిందట. ఆ నలుపు ఇద్దరి జీవితకాలం నూనెట. పోసిన అట్టు పోసినట్టే అంటుకుంది. అట్లకాడతో గీకితే పీలికలు పీలికలుగా వచ్చింది. మూడు తరాల పెనాన్ని మూడు గంటల్లో ముండమోయించావు అంది. అల్లుణ్ణి నువ్వు అనడం ఇదే మొదలు.

బేబి ఏడవలేదు. నా వంక చూసి మెల్లగా, "మళ్ళీ మొదటినుంచీ అన్నీ కొలవాలి నాన్నా. పెనం మారిపోయింది. ఇంకో పది రోజులే ఉంది. నువ్వింక వంటింట్లోకి రావొద్దు" అంది. అరిచినా బాగుండేది.

27 జనవరి

వంటింట్లోకి వెళ్ళలేదు. భోజనం వసారాలో పెట్టారు.

28 జనవరి

వసారాలో గాలి బాగా వస్తుంది. మా అత్తగారు ఉల్లిపాయ కోసి నూనెలో ముంచి పెనాన్ని రుద్దుతూనే ఉంది. బేబి వాచీ అడిగి తీసుకుంది. నన్ను పిలవలేదు.

31 జనవరి, ఆదివారం

జ్వరమని చర్చి మానేశాను. కృపావతి చెయ్యి ముట్టుకుని చూసి, వెచ్చగానే ఉందంది. అంతకుముందు కాఫీ గ్లాసు పట్టుకుని ఉన్నాను.

అందరూ వెళ్ళాక వంటింట్లోకి వెళ్ళాను. నా ఇంట్లో నేను దొంగలా వెళ్ళాను. కుంపటి రాజేశాను, పెనం పెట్టాను, తగరం ముక్క పెట్టాను. బేబి తప్పని రుజువు చేసి, నా సాక్ష్యమే నిజమని ఒక్కసారి కళ్ళారా చూసుకుంటే మనసు కుదుటపడుతుందనుకున్నాను. తగరం కరిగింది. బొట్టు వేశాను. వాచీ లేదు కనుక పెనం తప్ప చూసేదేమీ లేదు.

అది చుయ్‌మనలేదు. గుండ్రంగా ముడుచుకుంది. జారింది, ఆగింది, కాస్త వణికింది, మళ్ళీ జారింది. అసలు వేడి సంగతే దానికి తెలియనట్టుంది. చూస్తుండగా శనగగింజంత అయింది, ఆవగింజంత అయింది, అప్పుడు పోయింది. ఇంకొకటి వేశాను. అదీ అంతే. నాకు ఎంత సంతోషం వేసిందో చెప్పలేను. పెళ్ళయ్యాక ఇంత సంతోషపడటం ఇదే. ఈ వాక్యం కృపావతి కంట పడకూడదు.

ఎంతసేపు కూర్చున్నానో తెలియదు. వెనక గుమ్మంలో ఎవరో దగ్గారు. పాస్టరు ఆశీర్వాదంగారు. ఆరాధన కాగానే నా జ్వరానికి ప్రార్థన చేద్దామని వచ్చారు. ఆడవాళ్ళు ఇంకా చర్చి దగ్గరే ఉన్నారట.

"ఏం చేస్తన్నారండీ ప్రసాదరావుగారూ?"

"చెమట పడితే జ్వరం తగ్గుద్దనండి" అన్నాను, కుంపటి ముందు ఫిల్లరు పట్టుకుని.

ఆయన చూపు పెనం మీద పడింది. "అదేంటండీ, నీళ్ళు పోవట్లేదేం?"

"పోవండి. అదే విశేషం."

పాస్టరుగారు చొక్కా చేతులు మడిచి పక్కనే కూర్చున్నారు. "ఏదీ, నన్నొకటి వెయ్యనియ్యండి" అన్నారు. ఒకటి వేశారు. ఇంకొకటి వేశారు. రెండు బొట్లు ఒకదానికొకటి తగిలి ఒకటైతే ఇద్దరం కలిసి ఓహో అన్నాం. నా వంతు వచ్చినప్పుడు కూడా ఆయన ఫిల్లరు ఇవ్వలేదు. చివరికి గేటు దాకా వెళ్ళి, గుర్తొచ్చి, వెనక్కి వచ్చి జ్వరానికి ప్రార్థన చేసి వెళ్ళారు.

ఆయన వెళ్ళాక సంతోషం దిగిపోయింది. బేబి చూసింది నిజం. నేను దానికి నేర్పింది అబద్ధం. సర్దుబాటు కాదు, అబద్ధం. అది ఆ మాట పోటీలో చెబితే, పీయూసీ వచ్చినా రాకపోయినా, చెప్పించింది నేను. చెప్పొద్దని చెప్పాలి.

2 ఫిబ్రవరి

చెబుదామనుకున్నాను. బేబి చదువుకుంటోంది. చదువుకునే పిల్లని కదిలించకూడదు.

3 ఫిబ్రవరి

నిద్రపోతోంది.

5 ఫిబ్రవరి

"బేబీ, రేపు నువ్వు చెప్పాల్సిన ఆ సాక్ష్యం..." అన్నాను.

"వచ్చు నాన్నా" అని గోడవైపు తిరిగి మొత్తం అప్పజెప్పింది. ఆపు అనడానికి నోరు రాలేదు. పెద్దవాణ్ణి, తప్పయిపోయిందని ఎట్లా అనను? పైగా ఆ సాక్ష్యాన్ని కిందటి నెల్లోనే ఒక పెద్ద అట్ట మీద రంగు సిరాతో రాసి ఉంచాను. ఆ అట్ట చూస్తే భయమేసింది.

6 ఫిబ్రవరి, శనివారం

అంతా వరసగా రాయాలి.

పొద్దున బస్సులో కుంపటి, బొగ్గుల గోతం, పెనం, పిండి క్యానుతో వెళ్ళాం. పెనాన్ని నాతో ఒంటరిగా పంపనని మా అత్తగారు కూడా వచ్చింది. హాల్లో ఎటు చూసినా నాగార్జునసాగరే. మట్టి సాగర్, అట్టముక్కల సాగర్, సబ్బు సాగర్. చిన్నబాబు సిమెంటు సాగర్ అన్నిటికన్నా పెద్దది, మా బల్ల పక్కనే, కాస్త ఎత్తున పెట్టారు. బాలస్వామిగారు కడవలతో నీళ్ళు పోయిస్తూ నన్ను చూసి, "ఉల్లిపాయ వేస్తన్నారా, ఉత్తట్టేనా?" అన్నారు.

జడ్జీ విజయవాడ కాలేజీ లెక్చరరు, కుటుంబరావుగారు. సన్నటి మనిషి, అందరి మాటలకీ ఒకే రకంగా తలాడిస్తారు. ఆయన సిమెంటు సాగర్ దగ్గరికి రాగానే చిన్నబాబు ఒక గేటు ఎత్తబోయాడు. బిగుసుకుంది. "ఇట్టా ఇవ్వరా" అని బాలస్వామిగారు తానే పట్టుకుని గుంజారు. గేట్లన్నీ ఒక్కసారిగా ఊడి చేతికొచ్చాయి. సాగర్‌లో ఉన్న నీళ్ళన్నీ మా బల్ల మీద పడ్డాయి. మా అత్తగారు చటుక్కున ఒక చేత్తో పెనం, ఒక చేత్తో పిండి క్యాను లేపింది. కుంపటి మునిగిపోయింది.

"డిజైను లోపం కాదండి, గేటు లోపం" అని బాలస్వామిగారు వివరిస్తూ ఉన్నారు. లెక్చరరుగారు బూట్లు దులుపుకుని మా బల్ల దగ్గరికి వచ్చారు.

బేబి తడవని బొగ్గులు నాలుగు ఏరి అంటించింది. పెనం అరకొరగా కాలింది. బొట్టు వేసింది. చుయ్‌మని పోయింది.

"అంతేగా అమ్మా" అన్నారాయన. "కాలిన పెనం మీద నీళ్ళు పోతాయి. ఇందులో నువ్వు కనుక్కుందేంటి?"

బేబి నా వంక చూసింది. ఆ ప్రశ్నకి నేను నేర్పిన జవాబు అతికినట్టు సరిపోతుంది. ఇక్కడున్నవాళ్ళందరూ ఇప్పుడే కళ్ళతో చూశారు. అది చెబితే ఆయన తలాడిస్తారు, మార్కులేస్తారు. చెప్పొద్దమ్మా అని అరవబోయాను. అది కూడా వేలు పెట్టడమే కదా అనిపించింది. జన్మలో మొదటిసారి, తెరిచిన నోరు తెరిచినట్టే ఉంచి ఏమీ అనలేదు.

"కాదండి" అంది బేబి. "పెనం ఇంకా సరిగ్గా కాలలేదు. బాగా కాలితే బొట్టు పోదండి, ఎక్కువసేపు ఉంటది. కాసేపు ఆగితే చూపిస్తా."

"ఎంతసేపు ఆగమంటావ్?"

"బొగ్గులు తడిసినయ్యండి. ఎవరన్నా విసరాలి."

పంచె ఎగ్గట్టి నేల మీద కూర్చున్నాను. చేతికి దొరికింది నేను రంగు సిరాతో రాసిన అట్ట. దాంతోనే విసిరాను. వేడి పెరిగినకొద్దీ త్వరగా ఆవిరైపోవును అన్న అక్షరాలు నిప్పుకేసి ఊగుతూ ఉన్నాయి. పొగ లేచింది, కళ్ళు మండాయి. కాసేపటికి రెండో వైపునుంచి కూడా గాలి వచ్చింది. బాలస్వామిగారు. తడిసిన పంచెతో గొంతుక్కూర్చుని తన డ్యాము ప్లానుతో విసురుతున్నారు. "మా నీళ్ళే కదయ్యా" అన్నారు. తోడల్లుళ్ళిద్దరం చెరోవైపునుంచి విసురుతుంటే హాల్లో పిల్లలు సాగర్‌లన్నీ వదిలేసి మా చుట్టూ చేరారు. నా అట్ట మూల అంటుకుంది. ఆర్పి మళ్ళీ విసిరాను.

తగరం కరిగింది. బేబి బొట్టు వేసింది. బొట్టు లేచి నాట్యమాడింది.

కుటుంబరావుగారు తలాడించలేదు. వాచీ తీశారు. నిమిషం దాటింది. "మళ్ళీ వెయ్యమ్మా" అన్నారు. వేసింది. "మళ్ళీ" అన్నారు. అవతల తక్కిన స్కూళ్ళవాళ్ళు ఎదురుచూస్తున్నారు. ఆయన బల్ల దగ్గర మోకాళ్ళ మీద కూర్చున్నారు.

"ఎందుకమ్మా ఇట్లా?"

"నాకింకా తెలియదండి" అంది బేబి. నేను విసరడం ఆగిపోయింది. అది మాత్రం నిదానంగా చెప్పుకుపోతోంది. "కళ్ళు పెనం అంచు దాకా దించి పక్కనుంచి చూస్తే బొట్టు కింద సన్నటి సందు కనపడతందండి. కింద పుట్టే ఆవిరే దాన్ని పైకెత్తి పట్టుకుంటందేమో అనుకుంటున్నా. పెనానికి ఆనకపోతే వేడి తొందరగా ఎక్కదు కదండీ. కానీ అదేనని ఇంకా రుజువు చెయ్యలా."

ఆయన కళ్ళజోడు పెనం దాకా దించి చూశారు. అద్దాలకి ఆవిరి పట్టింది. తుడుచుకుని మళ్ళీ చూశారు. లేస్తూ నా వంక తిరిగి, "మీరెవరండీ?" అన్నారు.

"విసిరేవాణ్ణండి."

"ఆపారేం? విసరండి."

పెనం ఖాళీగా ఉండటం మా అత్తగారు అంతసేపే ఓర్చుకుంది. ఆయన అటు తిరిగేలోపు అట్టు పోసేసింది. అంటుకోకుండా వచ్చింది. ఆయన దాన్ని తింటూనే తర్వాతి డ్యాము దగ్గరికి వెళ్ళారు.

విజయవాడకి రెండిట్ని ఎంపిక చేశారు. ఒకటి ఎవరిదో సబ్బు సాగర్. రెండోది బేబి పెనం. నేను కుంపటి చల్లార్చాను. బస్సులో బేబి పక్కన కూర్చుని, "పీయూసీయే" అన్నాను. "ఊఁ" అంది, నా మొహానికి అంటిన మసి కొంగుతో తుడిచింది. ఏడుపొచ్చింది. పొగ పడింది అన్నాను.

7 ఫిబ్రవరి, ఆదివారం

ఇవాళ నిజంగా జ్వరం. కృపావతి నమ్మలేదు. చర్చికి వెళ్ళాను.

9 ఫిబ్రవరి

బేబికి అంతా చెప్పేశాను. దొంగ జ్వరం, కుంపటి, బొట్లు, చెబుదామనుకుని చెప్పలేకపోవడం, అన్నీ.

"తెలుసు నాన్నా" అంది. "పాస్టరుగారు ఆ రోజే చెప్పారు. చర్చిలో అందరికీ చెప్పారు."

"మరి శుక్రవారం నాకు మొత్తం అప్పజెప్పావెందుకే?"

"నువ్వు ఆపుతావేమో చూద్దామని."

అది అన్న తీరులో కోపం లేదు. అందుకే మింగుడు పడటం లేదు. ఇవాళంతా ఏ పని చేస్తున్నా ఆ మాటే చెవిలో ఉంది. అది వెళ్ళబోతూ, "విజయవాడకి అమ్మమ్మని తీసుకెళ్తా" అంది. సరే అన్నాను.

11 ఫిబ్రవరి

విజయవాడలో విసరడానికి మనిషి కావాలేమోనని కృపావతి చేత అడిగించాను. అక్కర్లేదంది. బొగ్గులు ఎండబెట్టిందట.

20 ఫిబ్రవరి, శనివారం

కుంపటీ బొగ్గులూ నేనే మోసుకుని బస్టాండు దాకా వెళ్ళాను. విజయవాడ బస్సు ఆలస్యం. బెంచీ మీద ఒక కంచికచర్ల ఆసామి కూర్చుని మా సామానంతా పరకాయించి చూశాడు.

"ఏంటండీ, పెనంతో బయల్దేరారు? ఎక్కడన్నా పెళ్ళి వంటకా?" అని నన్నడిగాడు.

ఇలాంటి ప్రశ్న కోసం నేను కాచుక్కూచుని చాలా రోజులైంది. మైనం, పంచదార, తగరం, ఆవిరి, సందు, నిమిషం, అన్నీ వరసగా నాలుక మీదికి వచ్చాయి. కోర్టులో ఇంతకన్నా చక్కగా ఏ ప్లీడరూ చెప్పలేడు. బేబి అవతల అమ్మమ్మకి కిటికీ సీటు ఎట్లా దొరుకుద్దా అని చూస్తోంది.

"నాకేం తెలుసండీ" అన్నాను. "మా అమ్మాయినడగండి."

అది ఇటు తిరిగింది. ముందు నన్ను చూసింది, చాలాసేపు చూసింది. తర్వాత ఆ ఆసామి పక్కన కూర్చుని చెప్పడం మొదలుపెట్టింది. నేను కుంపటి ఒళ్ళో పెట్టుకుని విన్నాను.